తల్లిదండ్రులకు ఒక నకలు

మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో తిరుపతి చేరిన రోజున బాస్కెట్‌బాల్ కోర్టుకు ఒకటే రింగు ఉండేది. రెండోవైపు ఇనుప స్తంభం పాతి వదిలేశారు. "వచ్చే వారం బోర్డొస్తది సార్," అన్నాడు ఆఫీసు గుమస్తా భిక్షపతి. ఆ వచ్చే వారం రావడానికి మూడేళ్లు పట్టింది. సీట్లు పెంచమని కాలేజీవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే తనిఖీ కమిటీ వస్తున్నట్టు కబురొచ్చింది. ఆ రోజు పొద్దున్నే వెల్డింగువాళ్లు దిగి రెండో బోర్డు బిగించి, తెల్లరంగు గీతలు గీసి పోయారు. మధ్యాహ్నం కమిటీవాళ్లు వరండాలో నిలబడి రెండు రింగులనూ చూసి, తలలూపి, భోజనానికి వెళ్లారు. మర్నాటి నుంచి కాలేజీ బస్సులన్నీ కోర్టులోనే ఆగడం మొదలైంది. సిమెంటు నేల కదా, వానాకాలంలో టైర్లు దిగబడవు.

తిరుపతి ఉద్యోగం పేరు ఫిజికల్ డైరెక్టర్. అందరూ పీడీ సార్ అంటారు. మొదటి ట్రిప్పు బస్సులు నాలుగున్నరకు, రెండో ట్రిప్పు బస్సులు ఆరింటికి బయల్దేరతాయి. మొదటి ట్రిప్పు పోయాక కోర్టులో సగం ఖాళీ అవుతుంది. ఆ గంటన్నరే అతను చదివిన చదువుకు తగిన పని. మిగతా పొద్దంతా గేటు దగ్గర నిలబడి ఐడీ కార్డులు చూడాలి, పరీక్షల్లో కాపలా కాయాలి, సభలు జరిగితే కుర్చీలు వేయించాలి. పిల్లలు వెనకాల తనను 'ఐడీ సార్' అంటారని అతనికి తెలుసు. కాలేజీలో చేరకముందు అతను యూనివర్సిటీ జట్టుకు రెండేళ్లు ఆడాడు. ఆ సంగతి కాలేజీలో ఎవరూ అడగలేదు. అడగని సంగతి చెప్పుకోవడం అతనికి చేతకాదు.

సొంతూరు చేవెళ్ల దగ్గరి ముడిమ్యాల. తండ్రి శంకరయ్య టమాట, క్యారెట్ పండిస్తాడు. గురుకుల పాఠశాలలో బంతి పట్టిన కొడుకు చివరికి గేటు దగ్గర తేలడం ఆయనకు తప్పుగా ఏమీ అనిపించలేదు. నీడపట్టున ఉద్యోగం. భార్య కృష్ణవేణికి మాత్రం ఆ మాట తోచినప్పుడల్లా ఉక్రోషం వచ్చేది. "గేటు కాడ నిలబడేదానికి గంత చదువెందుకు? క్వాలిస్ నడిపేటోళ్లు నయం. కంపెనీలోళ్లను ఎక్కిచ్చుకోని ఏసీల పోతరు, ఏసీల ఒస్తరు," అనేది. హైటెక్ సిటీకి మనుషులను మోసే బండ్లు అప్పటికే చేవెళ్ల దాకా వస్తున్నాయి. తిరుపతి జవాబు చెప్పేవాడు కాదు. ఆమె అన్నది అబద్ధం కాదు.

జవాబు లేని ఆ కోపమంతా అతను ఎండాకాలం శిబిరంలో తీర్చుకునేవాడు. ఏటా మే నెలలో పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా చేవెళ్ల హైస్కూల్ మైదానంలో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పేవాడు. మొదటి ఏడు పదకొండు మంది వచ్చారు. రెండో ఏడు అరవై మంది. ఎందుకింత గిరాకీ అని ఆరా తీస్తే, బాస్కెట్‌బాల్ ఆడితే పిల్లలు పొడుగవుతారని బజారులో పుకారు పుట్టిందట. తల్లులు మొదటి రోజే పిల్లలను మైదానం గోడకు ఆనించి, తల మీదుగా బొగ్గుతో గీత గీసేవాళ్లు. నెలాఖరుకు మళ్లీ ఆనించి చూసేవాళ్లు. పెరగకపోతే తిరుపతి ముఖం చూసేవాళ్లు.

అట్లా వచ్చిన పిల్లే స్వప్నిక. చేవెళ్ల బజారులో ఎరువులు, విత్తనాల దుకాణం నడిపే బాలకిషన్ సేటు బిడ్డ. తల్లి కౌసల్యమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అప్పుడు ఎనిమిదో తరగతి. "మా అత్తగారి దిక్కు అందరు పొట్టోళ్లే సార్. జర ఈ పిల్లనన్న గుంజుండ్రి," అంది. పిల్ల ఒక్క అంగుళం కూడా పెరగలేదు గానీ బంతిని చూడకుండా ఆడించడం పదిహేను రోజుల్లో పట్టేసింది. ఎదుటివాళ్లు ఎటు కదలబోతారో వాళ్లకంటే ముందు తెలిసేది ఆమెకు. పొట్టిపిల్లల్లో అట్లాంటిది ఒక్కతె దొరికితే చాలు, జట్టు నిలబడుతుంది. ఆ ఏడాది నుంచి ఇంటర్ అయ్యేదాకా ప్రతి మే నెలా వచ్చింది. ఇంజనీరింగ్‌కు వచ్చేసరికి బాలకిషన్ సేటు ఆమెను తిరుపతి ఉన్న కాలేజీలోనే చేర్పించాడు. చేవెళ్ల బజారులో బస్సు ఎక్కితే కాలేజీలో దిగొచ్చు. నాలుగేళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందని ఆయన దుకాణానికి వచ్చిన రైతులందరికీ చెప్పాడు. యూరియా బస్తాతో పాటు ఆ మాట కూడా పంచాడని నవ్వుకునేవాళ్లు.

స్వప్నిక రెండో ఏడులోకి వచ్చిన ఏడాది, అంటే రెండువేల ఆరులో, కాలేజీకి మళ్లీ కమిటీ రావాల్సి వచ్చింది. ఈసారి గుర్తింపు కోసం. కమిటీవాళ్ల పట్టికలో 'విద్యార్థుల మానసిక సమస్యలకు కౌన్సిలర్ ఉన్నారా' అని ఒక గడి ఉంది. ప్రిన్సిపాల్ వేణుమాధవ్ తిరుపతిని పిలిచాడు.

"పిల్లలు మీ దగ్గర చనువుగా ఉంటారు. మీరే చూసుకోండి."

"నాకు తెల్వని పని గద సార్."

"పది రోజుల కోర్సు ఉంది, సిటీలో. సర్టిఫికెట్ ఇస్తారు."

తప్పించుకుందామనే తిరుపతి కోర్సుకు వెళ్లాడు. కానీ మూడో రోజుకు అతనికి ఆ పని నచ్చింది. పాఠాలు చెప్పిన డాక్టర్ తేజస్వి మెహిదీపట్నంలో క్లినిక్ నడిపే సైకియాట్రిస్ట్. ఎదుటి మనిషి మాట్లాడేటప్పుడు తొందరపడి సలహా చెప్పకూడదని, విన్నది గది దాటకూడదని, చేతకానిది తమలాంటి డాక్టర్ల దగ్గరికి పంపాలని ఆమె చెప్పింది. ఆటగాళ్ల దగ్గర తను ఇన్నేళ్లుగా చేస్తున్నది ఇదే కదా అనుకున్నాడు తిరుపతి. అతని దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. ఎవరు పది ఫ్రీ త్రోలలో ఎన్ని వేశారు, ఎవరికి చీలమండ నొప్పి, ఎవరు పొద్దున తినకుండా వస్తారు, అన్నీ తేదీలతో రాసేవాడు. ఆ పుస్తకం అతను తప్ప ఎవరూ చూసేవాళ్లు కాదు.

కాలేజీవాళ్లు కౌన్సిలింగ్ రిజిస్టరు అచ్చు వేయించారు. ఒక్కో పేజీకి మూడు కాగితాలు. పైన తెల్లది, కింద పచ్చది, దాని కింద గులాబీది, మధ్యలో కార్బన్. తెల్లది పుస్తకంలోనే ఉంటుంది, పచ్చది డిపార్ట్‌మెంటుకు, మూడోది ఆఫీసుకు అని భిక్షపతి చెప్పాడు. అంతా ఇంగ్లీషులో రాయాలి. మొదటి నాలుగు నెలలూ తిరుపతి నూటా ఇరవై మందికీ ఒకటే వాక్యం రాశాడు, బాగా చదువుకోమని సలహా ఇవ్వడమైనది అని. ఒకరోజు ప్రిన్సిపాల్ ఆ పేజీలు తిప్పి చూసి రిజిస్టరును బల్ల మీదికి తోసేశాడు.

"ఏంటిది? నూటా ఇరవై మందికి ఒకటే సమస్యా? కమిటీవాళ్లు నవ్వుతారు. వివరంగా రాయండి. పేరు, సమస్య, ఏం చేశారు, ఏమైంది. నాలుగు కాలమ్‌లు ఎందుకు వేయించాం?"

ఆ మాట తిరుపతికి గుచ్చుకుంది. పని దొంగ అన్నట్టు వినిపించింది అతనికి. ఆ వారం నుంచే నోటుబుక్కు రాసినంత శ్రద్ధగా రిజిస్టరు రాయడం మొదలుపెట్టాడు. పక్కన డిక్షనరీ పెట్టుకుని మరీ.

అక్టోబరులో ఒక సాయంత్రం స్వప్నిక పది ఫ్రీ త్రోలలో మూడు వేసింది. అంతకుముందు వారం నాలుగు. వేసవిలో ఎనిమిదికి తగ్గేది కాదు. తక్కిన పిల్లలు నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లాక తిరుపతి బంతి తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"మోచేయి నొస్తున్నదా?"

"లేదు సార్."

"మరి?"

చాలాసేపు ఆమె బూటు లేసు విప్పుతూ కట్టుకుంటూ ఉంది. తిరుపతి అడగలేదు. కోర్సులో నేర్పింది అదే.

"నిద్ర పడ్తలేదు సార్. పండుకుంటె గుండె దడదడ కొట్టుకుంటది. క్లాసుల బోర్డు మీద అక్షరాలు కనిపిస్తయి గని లోపటికి పోతలేవు." ఆగింది. "ఫస్టియర్ల మూడు సబ్జెక్టులు పోయినయి. పాసైన అని చెప్పిన ఇంట్ల."

"ఎన్ని దినాల సంది గిట్ల?"

"రిజల్ట్ కంటె ముందునుంచే. బస్సు దిగంగనే కాలేజీలకు రాకుండ అట్లనే రోడ్డు పట్టుకోని ఎటన్న పోవాలె అనిపిస్తది. ఏడికో తెల్వదు. ఉత్తగ పోవాలె." నవ్వబోయింది, రాలేదు. "ఈడ ఆడుతున్నప్పుడే జర మంచిగుంటది. ఇప్పుడు అది కూడ పోయింది."

డాక్టర్ తేజస్వి గురించి తిరుపతి చెప్పాడు. మందులంటే భయపడాల్సింది లేదన్నాడు. తనకు తెలిసిన ఇద్దరు ఆటగాళ్లు అట్లాంటి డాక్టర్లకు చూపించుకుని కోలుకున్నారన్నాడు, అది నిజమే. స్వప్నిక విన్నది.

"ఒస్త సార్. గని ఇంట్ల నేనే చెప్త. జోనల్ మ్యాచులు అయినంక. అప్పటిదాక మీరు ఎవ్వరికి చెప్పొద్దు."

"చెప్ప."

"ఒట్టు?"

"చెప్ప అన్న గద బిడ్డా."

జోనల్ పోటీలు ఇంకా మూడు వారాలు. ఈ మూడు వారాలు ఆమెను రోజూ కనిపెట్టి ఉండాలి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి చేర్చాలి. ఆ రెండే పనులు తన మీద పడ్డాయనుకున్నాడు తిరుపతి. ఇన్నేళ్లలో మొదటిసారి ఉద్యోగం చేస్తున్నట్టనిపించింది. ఆ ఊపులోనే మర్నాడు పొద్దున రిజిస్టరు తీసి ఆమె పేజీ నింపాడు. నిద్రలేమి, గుండెదడ, మూడు సబ్జెక్టులు ఫెయిల్, తల్లిదండ్రులకు చెప్పలేదు, ఎటైనా వెళ్లిపోవాలన్న ఆలోచన, సైకియాట్రిస్ట్‌కు చూపించాలి, పోటీల దాకా ఇంట్లో చెప్పవద్దని విద్యార్థిని కోరింది. ప్రతి ముక్కా రాశాడు. నాలుగో కాలమ్, 'ఏమైంది' అన్నది, ఖాళీగా ఉంచాడు. మూడు కాగితాల మీదా అచ్చు స్పష్టంగా పడాలని పెన్ను నొక్కి రాశాడు.

నవంబరు రెండో తారీకున అతన్ని ప్రిన్సిపాల్ గదికి రమ్మన్నారు. లోపల బాలకిషన్ సేటు నిలబడి ఉన్నాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. చేతిలో నాలుగు మడతలు పడ్డ గులాబీ కాగితం.

"ఇది నువ్వు రాసిందేనా?"

శిబిరం రోజుల్లో ఆయన తిరుపతిని సార్ అనేవాడు.

తిరుపతి కాగితం తీసుకుని చూశాడు. చేతిరాత తనదే. కింద, తెల్ల కాగితం మీద లేని ఒక గీత, దాని కింద చిన్న ఇంగ్లీషు అక్షరాలు: తల్లిదండ్రులకు నకలు.

"ఇంగ్లీషుల ఉన్నది. నాకెట్ల తెలుస్తది?" బాలకిషన్ గొంతు పెంచలేదు. "హాజరు చీటీతోని కలిపి పోస్టుల ఒచ్చింది దుకాణానికి. పురుగుమందుల కంపెనీ ఏజెంటు ఉండె, జర చదువు తమ్మీ అన్న. ఎనిమిదిమంది రైతులు కూసున్నరు. ఆడు పైకి చదివిండు, చదివి తెలుగుల చెప్పిండు. మెంటల్ డాక్టరుకు చూపియ్యాలె అనేకాడికి ఒచ్చేసరికి ఆని గొంతే చిన్నగైంది. నా బిడ్డ సంగతి నాకంటె ముందుగాల పురుగుమందులోనికి తెల్సింది."

"సేటు, ఇది మీకు ఒస్తదని నాకు తెల్వదు."

"నాకు తెల్వొద్దనే రాసినవా అయితె? ఇంట్ల చెప్పొద్దు అని గూడ ఉన్నది గద దీంట్ల."

ప్రిన్సిపాల్ మధ్యలోకి వచ్చాడు. "బాలకిషన్‌గారూ, తల్లిదండ్రులకు సమాచారం ఇవ్వడం మా పద్ధతి..."

"మీ పద్ధతి మంచిగనే ఉన్నది." కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు బాలకిషన్. "పిల్లను పిలిపియ్యుండ్రి. తీస్కపోత."

స్వప్నికను క్లాసులో నుంచి పిలిపించారు. తండ్రి కారు వరండా ముందుకు వచ్చింది. సంచి భుజాన వేసుకుని ఆమె తిరుపతి ముందు నుంచే నడిచింది. ఆగి, తల ఎత్తకుండానే అంది.

"చెప్ప అన్నరు గద సార్."

అంతే. కారెక్కింది.

తిరుపతి ఆఫీసులోకి వెళ్లాడు. భిక్షపతి తలుపు దగ్గర చప్పుడుకే లేచి నిలబడ్డాడు.

"ఆ గులాబీ కాగితాలు ఏం చేస్తున్నరన్నా?"

"నెలాఖరుకు హాజరు చీటీతోని పిన్ను కొట్టి పోస్టు చేస్తున్న."

"ఎప్పటి సంది?"

"రిజిస్టరు ఒచ్చిన పయ్‌లే నెల సంది. ప్రిన్సిపాల్ సారే అన్నడు. ఇన్ని దినాలు ఏం గాలె గద సార్, బాగ చదువుకోమన్నరని ఉంటుండె. నేను లోపట రాసింది చదువుత అనుకున్నరా? ఆరొందల చీట్లు."

తిట్టడానికి అందులో ఏమీ దొరకలేదు. ఆఫీసుకు అన్నప్పుడు ఆఫీసులో ఏం చేస్తారని తను అడగలేదు. ఇన్నేళ్లుగా తన పుస్తకం తను తప్ప ఎవరూ చూడలేదు కాబట్టి, తను రాసేది ఎవరూ చూడరని చేతికి అలవాటైపోయింది.

ప్రిన్సిపాల్ దగ్గరికి మళ్లీ పోయి, గులాబీ కాగితాలు ఆపమన్నాడు.

"ఎలా ఆపుతాం? కమిటీకి పంపిన రిపోర్టులో ప్రతి నెలా తల్లిదండ్రులకు కౌన్సిలింగ్ వివరాలు వెళ్తాయని రాశాం. అది మన బలాల్లో రెండోది."

"ఆ పిల్లకు ఏమన్న అయితె సార్?"

"అందుకే కదా తండ్రికి తెలియాలి?" అన్నాడు వేణుమాధవ్. నిజంగానే అడుగుతున్నట్టు చూశాడు. "తెలియకుండా ఏమైనా అయితే అప్పుడు ఎవరు జవాబు చెప్పేవారు, మీరా, నేనా?"

ఆ మాటలోనూ కొంత నిజం ఉండటమే తిరుపతికి మింగుడుపడలేదు. కానీ తెలిసిన తీరు వేరు. ఆ తేడా ఈ గదిలో చెప్పడం అతనికి చేతకాలేదు. అప్పటికే ప్రిన్సిపాల్ ఫోను ఎత్తాడు.

రెండు రోజులు స్వప్నిక బస్సు దిగలేదు. మూడో రోజు ఆదివారం. తిరుపతి చేవెళ్ల వెళ్లాడు. దుకాణం తెరిచే ఉంది. గల్లా దగ్గర కూర్చున్న బాలకిషన్ అతన్ని చూసి, లెక్క చూస్తున్నట్టు తల దించుకున్నాడు. కూర్చోమనలేదు. విత్తనాల ప్యాకెట్ల మధ్య తిరుపతి నిలబడ్డాడు.

"మీ బాపు మంచిగున్నడా?" తల దించుకునే అడిగాడు బాలకిషన్.

"మంచిగున్నడు సేటు."

"ముప్పై ఏండ్ల సంది నా దుకాణంలనే విత్తనాలు తీస్కపోతడు శంకరయ్య. రెండుసార్లు పంట పోయింది. ఆయన ఈ బస్తాల మీదనే కూసోని ఏడ్చిండు. నేను ఎవ్వనికన్న చెప్పిన్నా?"

"చెప్పలే."

"మరి నువ్వెట్ల చెప్పినవ్?"

"చెప్పలే సేటు. రాసిన."

"రాసుడంటె చెప్పుడు గాదా?"

తిరుపతి తను వచ్చిన పని అడిగాడు. "నన్ను ఎంతన్న తిట్టుండ్రి. తప్పు నాదే. గని ఆమెను డాక్టరుకు చూపియ్యుండ్రి. నిద్ర లేక రెండు నెలలైతున్నది. దానికి మందులున్నయి."

"నా బిడ్డకు ఏం కాలె." బాలకిషన్ ఇప్పుడు తల ఎత్తాడు. "చదువు బరువైంది, ఇంట్ల ఉంటె తక్కువైతది. నీ బంతాటతోనే అసలు చెడ్డది. ఎర్రగడ్డ మెంటల్ దవఖానకు తీస్కపోతున్నరంట గద సేటు అని పొద్దున ఒకడు అడిగిండు నన్ను, ఈ గల్లా ముంగట నిలబడి. రేపు సంబంధమొచ్చినోడు అడగడా? పో తిరుపతి. మీ బాపు మొకం చూసి మాట్లాడుతున్న."

తిరుపతి దుకాణం దిగాడు. పక్క సందులో నుంచి బస్సు స్టాండుకు నడుస్తుంటే ఇంటి వెనక తలుపు తీసిన చప్పుడైంది. కౌసల్యమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"సార్. ఆ డాక్టరు పేరేంది?"

తిరుపతి జేబులో పెన్ను తీసి, రాయడానికి బస్సు టికెట్టు వెతుక్కున్నాడు.

"రాయకుండ్రి," అంది ఆమె గబగబా. "నోటితోని చెప్పుండ్రి."

చెప్పాడు. డాక్టర్ తేజస్వి, మెహిదీపట్నం, రైతుబజారు ఎదురుగా, మెడికల్ షాపు మీద రెండో అంతస్తు, శనివారం పదకొండు నుంచి. ఆమె లోగొంతుకతో రెండుసార్లు అప్పజెప్పుకుంది. రెండోసారి మెడికల్ షాపు మరిచిపోతే తిరుపతి అందించాడు.

"ఆమె ఎట్లున్నదమ్మా?"

"ఏముంటది. గోడ దిక్కు తిరిగి పండుకుంటది. తింటె తింటది, లేకుంటె లేదు." తలుపు సగం వేసి ఆగింది. "ఇగ మీరు ఇటు రాకుండ్రి సార్. మీరొస్తె ఆయనకు కోపం మల్ల మొదలైతది."

జోనల్ పోటీలకు తిరుపతి నలుగురు పాతవాళ్లను, మొన్ననే బంతి పట్టిన ఫస్టియర్ అమ్మాయిని తీసుకెళ్లాడు. మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయారు. తిరుగు బస్సులో ఎవరూ స్వప్నిక పేరెత్తలేదు. ఎత్తితే బాగుండునని తిరుపతికి అనిపించింది, కనీసం తనను తిట్టడానికైనా. ఇంట్లో కృష్ణవేణి మాత్రం ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది, "గేటు కాడ నిలబడుడే నయముండె గద, ఎవ్వలికి ఏం కాకపోతుండె." వెక్కిరింపు కాదు. అందుకే అది ఎక్కువ తగిలింది.

చేవెళ్లకు పోవద్దన్నారు కాబట్టి పోలేదు. ఫోను చేస్తే బాలకిషన్ ఎత్తుతాడు. డాక్టర్ తేజస్విని అడిగితే ఆమె చెప్పదు, చెప్పకూడదని ఆమే కదా నేర్పింది. బస్సు స్టాండులో, ముడిమ్యాల వెళ్లినప్పుడు టీ కొట్టులో, ఎవరైనా సేటు బిడ్డ మాట తీస్తారేమోనని చెవులు రిక్కించుకుని ఉండేవాడు. తీస్తారేమోనని భయం కూడా ఉండేది.

డిసెంబరులో ఒక శనివారం, పరీక్ష పేపర్ల కట్ట తేవడానికి యూనివర్సిటీకి బయల్దేరి మొయినాబాద్ చౌరస్తాలో నిలబడ్డాడు. చేవెళ్ల నుంచి మెహిదీపట్నం పోయే బస్సు ఆగింది. కిటికీ పక్కన కౌసల్యమ్మ, ఆమె పక్కన స్వప్నిక. కౌసల్యమ్మ ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో మడిచిన కాగితాలు, ఒక నీళ్ల సీసా. ఆమె తిరుపతిని చూసి, చూడనట్టు ముందుకు తిరిగింది. వాళ్ల సీటు వెనక, పైన కడ్డీ పట్టుకుని, బాలకిషన్ సేటు నిలబడి ఉన్నాడు. కారున్న మనిషి. ఆయన బస్సెక్కగా చేవెళ్లలో ఎవరూ చూసి ఉండరు. కారైతే డ్రైవరుంటాడు, ఏ క్లినిక్ ముందు ఆగిందో డ్రైవరుకు తెలుస్తుంది. ఆయన మెడ అవతలి కిటికీ వైపు తిరిగి బిగుసుకుని ఉంది.

స్వప్నిక మాత్రం తిరుపతినే చూసింది. చిక్కిపోయింది. కోపంగా చూసిందా, ఊరికే చూసిందా అతనికి తెలియలేదు. చెయ్యి ఎత్తుదామా అనుకునేలోపు కండక్టర్ రండి రండి అని పిలిచాడు. తిరుపతి ఎక్కలేదు. వెనక ఇంకో బస్సుందని చెప్పి పంపేశాడు. వెనక బస్సుకు ముప్పావు గంట పట్టింది.

జనవరిలో కమిటీ వచ్చింది. ముగ్గురు. ఈసారి వాళ్లు వరండాలో ఆగకుండా ఒక్కో గదీ తిరిగారు. కౌన్సిలింగ్ గది అని కొత్తగా బోర్డు పెట్టిన గదిలో, అందులో వయసైన ఆయన రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పుతూ స్వప్నిక పేజీ దగ్గర ఆగాడు. అంతా చదివాడు.

"ఇది బాగా రాశారు. చాలా కాలేజీల్లో ఊరికే నింపేస్తారు." కళ్లజోడు తీశాడు. "చివరి కాలమ్ ఖాళీగా ఉందే. ఈ అమ్మాయి ఏమైంది?"

వేణుమాధవ్ చిరునవ్వుతో తిరుపతి వైపు చూశాడు. రెండు రోజుల ముందే అతను చెప్పి ఉంచాడు, డాక్టరుకు చూపించారు, కోలుకుంటోంది అని రాసి పెట్టండి, సేటుగారి పాలేరును అడిగితే తెలుస్తుంది అని.

"తెల్వదు సార్," అన్నాడు తిరుపతి.

"అంటే? మీరు డాక్టరుకు చూపించమన్నారు కదా. చూపించారా?"

"తెల్వదు సార్. కాలేజీకి ఒస్తలేదు."

"తర్వాత మీరు కనుక్కోలేదా?"

చౌరస్తాలో ఆగిన బస్సు అతని కళ్ల ముందు మెదిలింది. ఒక్క మాట చెబితే ఆ పెద్దాయన సంతోషిస్తాడు. ఆ మాట రిజిస్టరులో పడుతుంది, రిపోర్టులో పడుతుంది. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పైకి చదువుతారు.

"లేదు సార్. కనుక్కోలె."

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ రాసిందేమిటో నెల తర్వాత ఉత్తరంలో వచ్చింది. కౌన్సిలింగ్ వ్యవస్థలో తదుపరి పర్యవేక్షణ లేదు, బాధ్యతారాహిత్యం కనిపిస్తోంది. వేణుమాధవ్ ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి తిరుపతికి పంపించాడు, కింద ఒక ఉత్తర్వు జతచేసి. కౌన్సిలింగ్ బాధ్యత ఇకనుంచి లెక్కల లెక్చరర్ అఖిల చూస్తారు. పీడీ తన పని తాను చూసుకోవాలి.

అఖిల చేరి ఆరు నెలలే అయింది. ఉత్తర్వు అందిన రోజు సాయంత్రం రిజిస్టరు చంకలో పెట్టుకుని కోర్టు దగ్గరికి వచ్చింది. మొదటి ట్రిప్పు బస్సులు పోయినా ఒక బస్సు ఇంకా రింగు కిందే ఉంది. డ్రైవరు టీకి పోయాడట. అమ్మాయిలు గోడ మీద కూర్చుని ఉన్నారు.

"సార్, ఇది ఎట్ల రాయాలె? మీరు మంచిగ రాస్తరని అందరంటున్నరు."

"బాగ చదువుకోమని సలహా ఇచ్చినం అని రాయండి మేడం."

"అందరికా?"

"అందరికి."

ఆమె నవ్వింది, అతను నవ్వకపోవడం చూసి ఆపేసింది. "వివరంగ రాయాలన్నరు గద ప్రిన్సిపాల్ సార్."

"అంటడు. తిడ్తడు గూడ. తిట్టనియ్యండి. గులాబీ కాగితం ఏడికి పోతదో తెల్సా మీకు?"

"ఆఫీసుకు."

తిరుపతి ఆమెకు మొత్తం చెప్పలేదు. ఆ కాగితం పోస్టులో పోతుందని, పోయినచోట ఎవరు చదువుతారో మనకు తెలియదని మాత్రం చెప్పాడు. అఖిల రిజిస్టరు తెరిచి అట్టడుగు కాగితం పైకెత్తి, కింద ఉన్న చిన్న అక్షరాలు చదివింది. మళ్లీ మూసింది.

"మరి ఎవరన్న నిజంగనే ఏడ్చుకుంట ఒస్తె?"

తిరుపతి డ్రైవరు కిటికీలోంచి చేయి పెట్టి బస్సు హారను రెండుసార్లు కొట్టాడు. టీకొట్టు వైపు నుంచి ఎవరూ రాలేదు.

"గేటు కాడికి పంపుండ్రి," అన్నాడు. "పొద్దంత నేను ఆడనే ఉంట."